ఎర్రగీత తాకాక ఆరు గంటలు

నూకరాజుకి ఇద్దరు పెళ్లాలని ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో వేళాకోళం చేసేవారు. మొదటామె పోయి పన్నెండేళ్లయింది. రెండోది ఎప్పుడూ ఆయన చంకలోనే ఉండే నీలం అట్ట రిజిస్టరు. మొదటామె బతికున్న రోజుల్లో కూడా ఆయన ఎక్కువ పొద్దు గడిపింది రెండోదానితోనే.

రైల్వేలో ముప్పయ్యారేళ్లు వంతెన వాచ్‌మన్‌గా చేశాడు. యార్డుకి ఎగువన కాలవ మీద ఒక పాత వంతెన ఉంది. ఆ కాలవని బెంగాలీలు పానాఖాల్ అంటారు, మనవాళ్లకది ఉత్త కాలవే. వానాకాలంలో వంతెన స్తంభం మీద గీసిన అంకెల్లో నీళ్లెంత ఎత్తుకొచ్చాయో చూడడం, వేళతో సహా రాయడం, పైవాళ్లకి ఫోన్ చేసి చెప్పడం ఆయన పని. అంకెలకి పైన ఒక ఎర్రగీత ఉంటుంది. నీళ్లు ఆ గీతని తాకిన ఆరు గంటలకి దిగువన ఖాల్‌ధార్ బస్తీలో మొదటి గడప తడుస్తుంది. ఇది ఏ ఆఫీసరూ చెప్పింది కాదు. ఏటేటా ఎర్రగీత వేళా, గడప తడిసిన వేళా పక్కపక్కన రాసుకుని నూకరాజు తేల్చిన లెక్క. పావుగంట అటో ఇటో తప్ప ఆ ఆరు ఎన్నడూ తప్పలేదు.

ఆ ఆరు గంటల్లో బస్తీవాళ్లు బియ్యం అటకెక్కించి, మేకల్ని తోలుకుని, ముసలివాళ్లని మంచాలతో సహా మోసుకుని యార్డు గట్టు చేరేవారు. ఎవరూ పరిగెత్తేవారు కాదు. పొయ్యి మీది కూర ఉడికాక దించుకుని మరీ బయల్దేరేవారు. రిటైరయ్యాక కూడా నూకరాజు వానొస్తే గొడుగేసుకుని వంతెన దగ్గరకే పోయేవాడు, బస్తీ ఫోన్లన్నీ ఆయనకే వచ్చేవి. తిండి లేకపోయినా బతికేవాడేమో గానీ ఆ మర్యాద లేకపోతే బతకలేని స్థితికి వచ్చేశాడు.

కాలవకి ఆ ఆరు గంటలు ఎందుకు పట్టేవంటే, అది తిన్నగా నడిచే రకం కాదు. వంతెనకీ బస్తీకీ మధ్య ఏడు మెలికలు తిరిగేది. నాలుగో మెలిక దగ్గర బిల్ అని పెద్ద చిత్తడి పల్లం. వరదనీళ్లు అక్కడ బారుగా పరుచుకుని, బడలిక తీర్చుకుని, తర్వాత మెల్లగా కదిలేవి. రెండు వేసవుల్లో ఆ మెలికలన్నీ కోసేసి కాలవని తిన్నగా తవ్వారు, రెండువైపులా రెండు నిలువుల గట్లు పోశారు. తొమ్మిది కిలోమీటర్ల కాలవ అయిదున్నరయింది. బిల్ గట్టుకి అవతల పడి ఎండిపోతే, దాన్లో అప్పుడే ప్లాట్ల రాళ్లు కూడా పాతేశారు. గట్లు కావాలని పెట్టుకున్న అర్జీలో మొదటి సంతకం నూకరాజుది. పని పూర్తయిన రోజున సభ పెట్టి ఆయన మెడలోనే దండ వేశారు.

ఆ సభలో హరిచందన లేచి నిలబడింది. రైల్వే ఆఫీసులో హెడ్డుగుమాస్తాగా చేసిన పరబ్రహ్మంగారి కూతురు. హిజ్లీ ఇంజినీరింగు కాలేజీ క్యాంపస్‌లో నదుల మీద పరిశోధన చేస్తూ, సైకిలు మీద వచ్చి ఏడాదిగా ఈ కాలవని కొలుస్తోంది. గట్లు వద్దని ఆ పిల్ల అనలేదు. ఉన్నమాట చెప్పింది.

"తిన్నగా తవ్వారు కాబట్టి పైన కాలవ ఇదివరకటికన్నా ఎక్కువ నీళ్లు మోస్తుంది, త్వరగా మోస్తుంది. బస్తీ దిగువన రైలుకట్ట కింద మూడు తూముల కల్వర్టు మాత్రం మీ తాతల నాటిదే. ఇదివరకు బిల్‌లో ఆగిన నీళ్లు కూడా ఇప్పుడు ఒక్కసారే దాని మీదకొస్తాయి. అది మింగలేనిదంతా వెనక్కి తన్ని మీ ఇళ్ల దగ్గరే గట్టు పొర్లుతుంది. ఆరు గంటల లెక్క ఇక మరిచిపోండి."

నూకరాజు మెడలో దండ ఇంకా వాడలేదు. మైకు అందుకుని, నవ్వుతూనే అన్నాడు.

"పరబ్రహ్మంగారి అమ్మాయికి ముప్పైమూడేళ్లు నిండినాయి. ఇంటికి పెళ్లికొడుకు ఎప్పుడొస్తాడో సెప్పనేకపోనాది గానీ, బస్తీకి నీళ్లెప్పుడొస్తాయో సెప్తాదట."

సభంతా పగలబడి నవ్వింది. ఆడవాళ్లు ఇంకాస్త గట్టిగా నవ్వారు. ముందువరసలో కూర్చున్న పరబ్రహ్మంగారు తల వంచుకుని చెప్పుల వంక చూసుకున్నారు. హరిచందన ఆ నవ్వు ఆగేదాకా నిలబడింది. ఈ ఏడు వచ్చే మొదటి వరదకి ఎంతసేపు పడుతుందో ఆయన రిజిస్టరులోనే రాసుకోమని నూకరాజు తాతగారికి చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయింది.

మొదటి వరద జూన్ పద్దెనిమిదిన వచ్చింది. చిన్నదే, ఎర్రగీతని తాకి ఊరుకుంది. నూకరాజు వేళ రాసుకుని, అలవాటు ప్రకారం సైకిలు మీద బస్తీకి వెళ్లి అక్క ఇంటి అరుగెక్కాడు. అక్క చిలకమ్మ ఇల్లు బస్తీ మొత్తంలోకి పల్లంలో ఉంటుంది. ఆయన లెక్కలో మొదటి గడప ఆవిడదే. ఇంకా బోలెడు టైముందని కాళ్లు చాపుకుని కూర్చుని, లోపల మంచంలో ఉన్న బావ సన్యాసిరావుతో పాత కబుర్లేవో మొదలుపెట్టాడు. కబుర్ల మధ్యలోనే కల్వర్టు దగ్గర ఆగిన నీళ్లు మురుగుకాలవ గుండా వెనక్కి తన్ని గడప తడిపేశాయి. గడియారం చూసుకున్నాడు. రెండు గంటల యాభై నిమిషాలు.

చిలకమ్మ ఇంట్లో గడియారం లేదు, ఆవిడ వేళ చూసుకోలేదు. నీళ్లు కూడా గడప తడిపి వెనక్కి పోయాయి. నూకరాజు ఇంటికెళ్లి రిజిస్టరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఆ పుస్తకంలో అబద్ధం రాయని చెయ్యి అది, ఇప్పుడూ రాయలేకపోయింది. ఉన్నది ఉన్నట్టు రాసి మూసేశాడు. నోటికి మాత్రం అలాంటి నియమమేమీ లేదు. మర్నాడు వంతెన పక్కన గిరిబాబు టీకొట్టులో అడిగినవాళ్లకి ఎప్పట్లాగే ఆరన్నాడు. హరిచందన వచ్చి అడిగితే ఆరుకి పది నిమిషాలు తక్కువన్నాడు. ఆమె దగ్గర సొంత కొలత ఉంది. ఆయన మొహంలోకి చూసి, సైకిలెక్కి వెళ్లిపోయింది. ఆ చూపుకి నూకరాజుకి ఒళ్లు మండిపోయింది.

ఆగస్టులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగోనాడు పొద్దున్న పదకొండింటికి నీళ్లు ఎర్రగీతని తాకాయి, తాకి ఆగలేదు. నూకరాజు వేళ రాసుకుని టీకొట్టు చేరేసరికి అక్కడ పదిమంది ఉన్నారు. రెయిన్‌కోటులో హరిచందన కూడా ఉంది. మూడు గంటలు కూడా ఉండదు, బస్తీని ఇప్పుడే ఖాళీ చేయించండి అని బతిమాలుతోంది. వాళ్లు ఆమె మాట వింటూ నూకరాజు వంక చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే చిలకమ్మ ఫోన్ చేసింది. సన్యాసిరావుకి పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భారీ మనిషి, ఎత్తాలంటే నలుగురు కావాలి. కొడుకు ప్రేమ్‌కుమార్ ఇండస్ట్రియల్ పార్కులో డ్యూటీలో ఉన్నాడు. నూకరాజుకి కొంచెం చెవుడు, అందుకని ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాడు. చిలకమ్మ గొంతు కొట్టంతా వినబడింది.

"తమ్మా, ప్రేమ్‌కుమార్ మూడింటికి గానీ ఇంటికి రాడు. అంతవరకు ఆగొచ్చునేటి? నేదంటే పక్కోలని ఇప్పుడే పిలుత్తాను. ఆల సామాన్లు ఆలు సర్దుకుంతన్నారు, అడిగితే కాదనరు గానీ."

ఆవిడ అడిగింది ఒక్క అంకె. సరైన అంకె నూకరాజు దగ్గర ఉంది. అది చెప్తే ఎదురుగా నిలబడ్డ ఈ సైకిలు పిల్ల గెలిచినట్టు. జూన్ నుంచి తను అబద్ధమాడుతున్నట్టు. మైకులో అన్న మాట పదిమందిలో తిరిగొచ్చి తన మొహానికే తగిలినట్టు. ఒకపక్క ఇదంతా, ఇంకోపక్క సన్యాసిరావు. మనమైతే ఏం చేసేవాళ్లమో గొప్పలు చెప్పుకోవడం అనవసరం, నూకరాజు చేసింది ఇది.

"ఆరు గంటలున్నాది అప్పా," అన్నాడు. "ఐదింటికి గానీ రావు. ప్రేమ్ వచ్చినాకే ఎత్తండి. కంగారుపడితే బావని కింద పడీగలరు."

"నువ్వు సెప్పినావు కదా, సాల్లే," అని చిలకమ్మ ఫోన్ పెట్టేసింది.

కొట్లో ఉన్నవాళ్లు కూడా ఊపిరి పీల్చుకుని తమతమ ఇళ్లకి ఫోన్లు చేసి ఆరు గంటలని చెప్పారు. ఈ పిల్ల వెళ్లగానే అక్కకి మళ్లీ చేసి అసలు సంగతి చెప్పాలని నూకరాజు అనుకున్నాడు. కానీ హరిచందన కదలదే. అక్కడే నిలబడి ఆఫీసర్లకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది, ఎవరూ ఎత్తడం లేదు. తను లేచి పక్కకి పోతే అనుమానపడుతుందని ఆయన ఇంకో టీ చెప్పాడు. అది తాగి మరొకటి చెప్పాడు. గంటసేపు అలా టీలు తాగుతూ కూర్చున్నాడు ఆ మహానుభావుడు. పన్నెండింటికి హరిచందన ఆఫీసర్లని స్వయంగా పట్టుకోవడానికి టౌనుకి బయల్దేరింది. అప్పుడు కొట్టు వెనక్కి వెళ్లి అక్కకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. కరెంటు లేదు, కావలసిన జవాబు ఎలాగూ దొరికింది, ఛార్జింగ్ మిగుల్చుకుందామని చిలకమ్మ ఫోన్ ఆపేసింది.

పక్కింటివాళ్ల నంబరు కూడా ఆయన ఫోన్లో ఉంది. వాళ్లకి చెప్తే బస్తీ అంతా తెలిసిపోతుంది. తనే వెళ్లి బావని ఎత్తిస్తానని సైకిలు తీశాడు.

కొత్త గట్టు మీద దారి తిన్నగా ఉంది, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. చక్రాలు కూరుకుపోతున్నాయి. డెబ్భైరెండేళ్ల మనిషి తోసుకుంటూ, పడుతూ, లేస్తూ వెళ్తున్నాడు. పక్కనే నీళ్లు ఆయన్ని దాటి పోతున్నాయి. ఎగువన ఎక్కడో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆయన చూస్తుండగానే ముందుకెళ్లి కనబడకుండా పోయింది. ఇన్నేళ్లు కాపలా కాసిన కాలవ అంత వేగంగా పోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. భయంతో గట్టిగా ఏడ్చాడు, కానీ తిరిగి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఒకటిన్నరకి, ఇంకో కిలోమీటరు ఉందనగా, కల్వర్టు మింగలేని నీళ్లు గట్టు మీదుగా పొర్లి, గట్టుని బస్తీ వైపుకి కోసేశాయి.

చిలకమ్మ అప్పుడు అన్నం వారుస్తోంది. నీళ్లు మోకాళ్లకి రాగానే మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. నడుముకి వచ్చేసరికి ఇటుకలు అయిపోయాయి. మంచమెక్కి మొగుడి తల భుజానికెత్తుకుని నిలబడింది. సన్యాసిరావుకి కాళ్లూ చేతులూ పడిపోయాయి గానీ బుర్ర బాగానే పనిచేస్తుంది. "నూకడు ఆరన్నాడు కదే, ఇయి ఆ నీళ్లు కావు," అన్నాడు. అవే ఆయన ఆఖరి మాటలు. పక్కింటివాళ్లు పైనుంచి రేకు విప్పి చిలకమ్మని ఒక చెయ్యి పట్టుకుని లాగబోయారు, బరువు ఆగలేదు. మొగుణ్ణి పట్టుకున్న రెండో చెయ్యి కూడా ఇమ్మన్నారు. ఇచ్చింది.

గట్టు బస్తీలోకి నీళ్లని రానిచ్చింది గానీ బయటికి పోనివ్వలేదు. పదకొండు రోజులు అక్కడే నిలిచిపోయాయి. మూడోనాడు సన్యాసిరావుని పడవలో తీసుకొచ్చారు. విచిత్రమేమిటంటే బస్తీలో ఎవరూ నూకరాజుని పల్లెత్తు మాట అనలేదు. కాలవ మారిపోతే ముసలాయనకేం తెలుస్తుంది పాపం అన్నారు. ఆయన తల వంచుకుని ఆ జాలిని ఇంటింటా పుచ్చుకున్నాడు. ప్రేమ్‌కుమార్ పార్కు దగ్గర ఒంటిగది తీసుకున్నాడు, చిలకమ్మ తమ్ముడింటికి వచ్చింది. వంటా వార్పూ ఆవిడే చూసుకునేది.

దుర్గాపూజ అయ్యాక హరిచందన వచ్చింది. కల్వర్టు వెడల్పు చేయాలని, గట్లు వెనక్కి జరిపి బిల్‌ని మళ్లీ కాలవకి వదిలేయాలని రిపోర్టు రాస్తోందట, పాత లెక్కలు కావాలంది. నూకరాజు ఇవ్వనని అనలేకపోయాడు. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ ఫోటో తీసుకుంటోంది. ఆఖరి పేజీల్లో ఒకచోట వేలు ఆగింది. తలెత్తి నూకరాజుని చూసింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె ఆ పేజీ కూడా ఫోటో తీసుకుని, చాలా ఉపయోగపడుతుంది తాతగారూ అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది.

వంటింటి గడప దగ్గర కూర్చున్న చిలకమ్మ ఆ వేలునీ చూసింది, ఆ మొహాన్నీ చూసింది. రైల్వే తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివింది ఆవిడ. రిజిస్టరు తీసి, ఆ పేజీ వెతికి, వేలితో కూడబలుక్కుని చదివింది. లేచి పొయ్యి వెలిగించింది. అన్నం అయ్యేసరికి బయట చినుకులు మొదలయ్యాయి. తమ్ముడి ముందు కంచం పెట్టి, కంచం పక్కన రిజిస్టరు తెరిచి పెట్టింది.

"సదువు."

నూకరాజు అక్క మొహంలోకి చూడలేకపోయాడు. "జూన్ పద్దెనిమిది. రెండు గంటల యాభై నిమిషాలు."

"నాకేటి సెప్పినావు?"

"ఆరు గంటలు."

"మరి తిను," అని ఆవిడ కూర వడ్డించింది.

ఈ సంగతి చిలకమ్మ కొడుక్కి కూడా చెప్పలేదు. తమ్ముణ్ణి పువ్వుల్లో పెట్టి చూసుకుంటోందని నిమ్‌పురా అంతా మెచ్చుకుంటారు. వాన పడని రోజుల్లో అక్కాతమ్ముళ్లు మామూలుగానే మాట్లాడుకుంటారు. వాన పడిన పూట మాత్రం కంచం పక్కకి రిజిస్టరు వస్తుంది, ఆయన ఆ రెండు అంకెలూ పైకి చెప్పందే అన్నం పడదు. కిందటి నెల రైల్వే ఆస్పత్రి డాక్టరు నూకరాజుని పరీక్ష చేసి, గుండె గట్టిగా ఉంది, ఇంకో పదిహేనేళ్లు ఢోకా లేదని చెప్పాడు. చిలకమ్మ డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఖరగ్‌పూర్‌లో వానలు జూన్‌లో మొదలై అక్టోబరు దాకా పడతాయి.