కుసుమ డబ్బాలో మోత

శనివారం పొద్దున కుసుమ సంచి సర్దుతోంది. నాలుగు చీరలు, బీపీ మాత్రలు, తువ్వాలు, అడుగున గిటారు తీగల పొట్లం. నేను గడప దగ్గర కూర్చుని, మళ్లీ ఎప్పుడొస్తావని మూడోసారి అడిగాను.

"పదైదు దినాలకు వస్తానంటి కదక్కా. కుప్పం యాడుండాది, కాశీ యాడుండాది? నీ సూపు సూస్తే నేను కాశీకి పోతాండేటట్టు ఉండాది."

నా చెల్లెలు కుసుమకు అరవై ఒకటి. మొగుడు చనిపోయినప్పటి నుంచి, ఆరేళ్లుగా, మదనపల్లెలో నా దగ్గరే ఉంది. పెళ్లికి ముందు కుప్పంలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేది. అప్పట్లో అందులో పాడిన గౌరమ్మ, ఇప్పుడు ఆడవాళ్లతో కొత్త జట్టు కట్టి, నువ్వు రాకుంటే కుదరదని మూడు నెలల కిందట ఫోను చేసింది. సోమవారం నుంచి రిహార్సళ్లు.

సంచి సర్దడం చూస్తే నాకు భయం. మా అమ్మ ఆసుపత్రికని సర్దుకుంది. మా ఆయన సదుం ఊరు పోయి ఎద్దులు తెస్తానని సర్దుకున్నాడు. ఇద్దరి సంచులే ఇంటికి వచ్చాయి.

కుసుమ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించింది. రెండింటికీ నడుమ కాలితో నొక్కే ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. నొక్కితే తీగ పలుకు గుడ్డ చించినట్టు గరుకుగా మారుతుంది. నలభై ఏళ్ల కిందట బెంగళూరులో కొన్నది, చాలా ఏళ్లకు ఇప్పుడే బయటికి తీసింది. ఆ పొద్దు నొక్కగానే, తీగ ముట్టకముందే, కందిరీగల తుట్టె కదిలినట్టు గుయ్ మంది.

డబ్బా అడాప్టరు తీసేసి బ్యాటరీ పెట్టింది. గుయ్. ట్యూబులైటు ఆర్పి, ఫ్యాను ఆపింది. వైరు మార్చింది. మోత అట్లాగే ఉంది. డబ్బా మీద అరచెయ్యి ఆనిస్తే కాస్త తగ్గేది, తీస్తే మళ్లీ మొదలు.

"ఒగ పెండ్లిలో ఇట్నే గుయ్యనింది. జనం ఈలలేసిరి. మళ్లా ఆ నగుబాటు నాకొద్దక్కా. ఈ మోత పోతేనే కుప్పం. లేకుంటే సంచి విప్పేస్తా."

నాకు సంగతి అప్పుడే అర్థమైంది. నెలరోజులుగా మా ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. పెద్దమండ్యంలో సేద్యం చేసే రోజుల్లో, ఎండాకాలం బోరు మోటరు ఇట్లాగే జివ్వుమంటే, ఎర్తు వైరు పాతిన గుంతలో రెండు కడవల ఉప్పునీళ్లు పోసేదాన్ని. భూమి ఎండిపోతే కరెంటు దిగడానికి దారి ఉండదు. మా ఇంటి వెనక ఎర్తు గుంత ఏప్రిల్ ఎండకు బీటలు వారి ఉంది; డబ్బాలో మోతా దానివల్లే.

ఆ సంగతి కుసుమకు చెప్పకుండా దాచాను.

ఆదివారం గిటారు, డబ్బా పట్టుకుని ఇద్దరం బస్సెక్కి పుంగనూరు పోయాం. అక్కడ అబ్దుల్ రహీంకు రేడియోలు బాగుచేసే అంగడి ఉంది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరె, దీనికి నా అంత వయసుండాదే!"

"మా అక్క కంటే సిన్నదే లే భాయి," అంది కుసుమ.

మూత విప్పకుండానే తన ఆంప్లిఫయరుకు తగిలించి నొక్కాడు. చప్పుడే లేదు. కుసుమ మీటితే తీగ ఒక్కటే పలికింది.

"జబ్బు దీనికి కాదమ్మా. మీ ఇంట్లో ఎర్తు ఉండాదా?"

కుసుమ నావైపు తిరిగింది. "ఉండాదా అక్కా?"

"ఉండాది. బొగ్గులు, ఉప్పు ఏసి గుంత పూడ్పించినాం," అన్నాను. అబద్ధం కాదు. ఎండిందని మాత్రం చెప్పలేదు.

"అట్లయితే నాకూ తెలీడంలేదు," అని అతను డబ్బా విప్పి, ఊరికే కండెన్సరనే పాత బిళ్ల ఒకటి మార్చి ఇచ్చాడు.

సాయంత్రం ఇంట్లో నొక్కితే మళ్లీ గుయ్.

కుసుమ గౌరమ్మకు ఫోను చేసింది. "నేను రాలేను మే. ఇంగెవర్నన్నా సూసుకో," అని నవ్వింది. చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది. తర్వాత మంచం మీద కూర్చుని, ఎడమచేతి వేళ్ల కొసలు రుద్దుకుంది. మూడు నెలలు సాధకం చేసి కాయలు కాయించుకున్న వేళ్లు అవి. ఆమె ఉండిపోతుందని నేను సంతోషించాల్సింది. ఆ వేళ్ల వైపు చూడలేకపోయాను.

ఉప్పు పొట్లం తీసుకుని పెరట్లోకి పోయాను. రెండు బిందెల ఉప్పునీళ్లు పోస్తే, నేల చుయ్యిమని తాగేసింది. మరో రెండు పోసి, అరగంట ఆగి లోపలికి వచ్చాను.

"ఒగసారి నొక్కు."

"సాల్లే అక్కా."

"నొక్కు మే!"

నొక్కింది. మోత లేదు. ఒక పాట ఎత్తుకుని, సగంలో ఆపి నా తడిసిన చీర అంచు చూసింది.

"ఏం జేసినావు?"

"ఎర్తుకు నీళ్లు పోసినా. గుంత ఎండింది."

"ఎప్పుట్నించి తెలుసు నీకు?"

"నిన్న పొద్దుట్నించి."

"భాయి అడిగినప్పుడూ తెలుసా?"

"తెలుసు."

ఆమె గిటారు వైరు పీకి చుట్టింది.

"పోవద్దని ఒగ మాట అనింటే నిలిచిపోయుందును కదక్కా. యాల అనలేదు?"

ఆమె లేచి గౌరమ్మకు మళ్లీ ఫోను చేసింది. చీరలన్నీ తిరిగి సంచిలోకి సర్దింది. ఈసారి శాలువా కూడా పెట్టుకుంది. ఏప్రిల్‌లో శాలువా.

తెల్లవారి ఏడు గంటల బస్సెక్కింది. పదిహేను రోజుల తర్వాత ఫోను చేసి, గౌరమ్మ వాళ్ల వీధిలోనే ఒక గది తీసుకున్నానని చెప్పింది. ఇంటికి ఎప్పుడని నేను అడిగితే, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది.

నా చెల్లెలు కుసుమ మా ఇంటి నుంచి 2024 ఏప్రిల్ 15, సోమవారం నాడు వెళ్లింది. తిరిగి రాలేదు.