మెకానిక్ వస్తే ఆగే చిటపట

మా బావమరిది మీద నా అనుమానం ఈనాటిది కాదు. నా భార్య ఆస్పత్రిలో ఉన్న చివరి వారం, స్టూడియోలో రికార్డింగు ఉందని వాడు రెండు రోజులు మొహం చూపించలేదు. మూడో రోజు వచ్చేసరికి ఆవిడ లేదు. నాలుగేళ్ళయింది. నేను మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశమూ లేదు.

మా ఇంటి తాళంచెవి ఒకటి వాడి దగ్గరే ఉంది. వాళ్ళక్క, అంటే నా భార్యే ఇచ్చింది. ఆవిడ పోయాక తిరిగివ్వాలని వాడికి తోచలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను వయొలిన్ వాయిస్తాను. ఊరి బడిలో ఏడో తరగతితో చదువు ఆగింది, చేతికి పట్టుబడింది ఇదొక్కటే. ఇప్పుడు వేదికలెక్కే ఓపిక లేదు. పిల్లలకు నాట్యం నేర్పే టీచరమ్మకు ఇంట్లోనే పాటలు వాయించి, రికార్డు చేసి పంపుతాను. ముందుగదిలో ఒక మైకు, ఒక కంప్యూటరు, ఆ రెంటి మధ్య అరచేతిలో పట్టేంత సౌండు కార్డు. కంప్యూటరు బిగించింది బావమరిదే. స్టూడియోలో మిగిలిన పాత సామాను కొంత, కొత్తది కొంత కలిపి కట్టాడు. అక్క అడిగింది కాబట్టి కట్టాడు.

ఈసారి టీచరమ్మ ఎనిమిది పాటలడిగింది. వచ్చే వారం శనివారం ప్రదర్శన. ముందురోజు శుక్రవారం సాయంత్రం అయిదింటికి పాటలు ఆమెకు చేరాలి.

"కుదరకపోతే మొహమాటపడకండి మాస్టారూ. మీ బావమరిది స్టూడియోలో చేయించుకుంటాను" అంది.

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ పని కూడా పోతే నేను వయొలిన్ పెట్టె తెరవడానికి కారణమంటూ ఉండదు. అది వాడి చేతికే పోతే ఇక చెప్పేదేముంది.

అప్పటికే ఒక సంగతి గమనించి ఉన్నాను. బజారుకు వెళ్ళి వచ్చి చూస్తే నా కుర్చీ ఎత్తు తగ్గి ఉంది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను లేనప్పుడు నా కుర్చీలో ఎవరో కూర్చుంటున్నారు. తలుపు తాళం చెక్కు చెదరలేదు. తాళంచెవి ఉన్నవాడు ఒక్కడే.

వేలెడంత కెమెరా ఒకటి కొనుక్కొచ్చాను. స్వరాలు రాసుకునే నోటు పుస్తకాల మధ్య దాన్ని దూర్చి, తీగను అలమారు వెనక నుంచి లాగి, కంప్యూటరు వెనక ఖాళీగా ఉన్న కంతలో గుచ్చాను. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ అది గదిని చూస్తూ, చూసింది దాచిపెడుతుంది. బయటికి వెళ్ళినా కంప్యూటరు ఆపేవాణ్ణి కాదు. సాయంత్రం బొమ్మను మాత్రం వేగంగా తిప్పి చూసేవాణ్ణి. ఎవరూ రాలేదు. కెమెరా సంగతి వాడికి తెలిసిపోయిందనుకున్నాను.

కెమెరా పెట్టిన మర్నాడు మొదటి పాట వాయించి విన్నాను. మధ్యలో చిటపట. కాగే నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు. మళ్ళీ వాయించాను. ఈసారి వేరేచోట. వారం రోజులు నేనే కుస్తీ పట్టాను. మైకు తీగ మార్చాను, ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. నాకర్థమైంది ఒక్కటే. ఇది వాడి పని.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని పిలిచాను. సొంత దుకాణం, మాట పదును. ఆమె వచ్చే ముందు కెమెరా పీకి బీరువాలో చొక్కాల కింద పెట్టాను. ఇంట్లో దొంగ కెమెరా పెట్టుకున్నాడని వీధంతా చెప్పుకోవడం నాకిష్టం లేదు.

వాయించాను. ఆమె విన్నది.

"శుభ్రంగా ఉందిగా మాస్టారూ!"

"మధ్యలో చిటపట వస్తుంది."

"ఎక్కడ?"

రాలేదు. ఇంకో పాట వాయించినా రాలేదు. అయినా ఆమె యూఎస్‌బీ తీగ మార్చింది, సెట్టింగులేవో సర్దింది, వెళ్ళింది. కెమెరాను మళ్ళీ దాని చోట పెట్టి విల్లు అందుకున్నాను. చిటపట.

మెకానిక్ వెళ్ళిన సంగతి వాడికి ఇంత తొందరగా ఎలా తెలిసింది?

గురువారం మళ్ళీ పిలిచాను. మళ్ళీ కెమెరా దాచాను. మళ్ళీ చప్పుడు లేదు.

"నేనొస్తే ఆగుతుంది, నేను పోతే మొదలవుతుంది. నా ఫొటో ఒకటి దానికెదురుగా పెట్టుకోండి మాస్టారూ, బుద్ధిగా ఉంటుంది" అంది.

"ఎవడో దూరం నుంచి చేస్తున్నాడమ్మాయ్."

"ఎవడు?"

"దీన్ని కట్టినవాడు."

"అంత కష్టపడి మీ వయొలిన్‌లో పేలాలు వేయించాలా? ఆయనకి వేరే పని లేదా?" అంటూ కంప్యూటరు వెనక్కి వంగింది. "బోర్డు పాతది, సౌండు కార్డు కొత్తది. రెంటికీ పొత్తు అంతంతమాత్రం. ఈ కంతలన్నీ లోపల ఒకే దారిలో కలుస్తాయి. ఆ దారిలో ఇంకేదన్నా దూరితే సౌండుకి ఊపిరాడదు. ఇంకేమన్నా తగిలిస్తున్నారా దీనికి?"

"లేదు."

"నిజం చెప్పండి."

"నేను అబద్ధమాడతానా?"

"ఏమో, కంప్యూటరైతే ఆడట్లేదు. పోనీ, కట్టినాయన్ని అడగండి, లోపల వేరే దారి ఉందేమో."

"వాణ్ణి అడగను."

"అయితే ఇలాగే పంపండి. పిల్లలు చిటపటకే అడుగులేస్తారు."

ఆమె మాట విననట్టు నటించలేదు నేను. విన్నాను. కానీ కెమెరా ఉన్నది చూడడానికి. చిటపట వినబడేది. దీనికీ దానికీ సంబంధమేమిటి? పైగా దాన్ని తీసిన రోజే వాడొస్తాడు. ఆమె వెళ్ళగానే మళ్ళీ తగిలించాను. టీచరమ్మకు ఫోన్ చేసి, రికార్డులో ఏదో చప్పుడొస్తోంది, ఒక్కరోజు ఆగమని అడిగాను. ప్రదర్శన ఆగదు మాస్టారూ అంది.

శుక్రవారం పొద్దున పదింటికి మొదటి పాటే ఇరవయ్యోసారి వాయిస్తున్నాను. వీధి తలుపు తాళం తిరిగింది. బావమరిది లోపలికొచ్చాడు. చేతిలో చిన్న అట్టపెట్టె.

"చెప్పకుండా వచ్చావే?"

"ఫోనెత్తవు. తలుపు కొడితే వయొలిన్‌లో వినబడదు. టీచరమ్మ చెప్పింది, చిటపట అంటగా?" అంటూ నా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ బుస్సుమంటూ మెల్లగా కిందికి దిగింది. "ఇదేంటి బావా, దిగిపోతోంది! లోపల గ్యాసు పోయినట్టుంది."

నేను విల్లు పక్కన పెట్టాను.

వాడు పాట విన్నాడు. లేచి కంప్యూటరు వెనక చెయ్యి పెట్టాడు. "ఈ తీగెక్కడిది?" బావిలోంచి చేద లాగినట్టు తీగను చెయ్యి మార్చి చెయ్యి పట్టుకుంటూ అలమారు దాకా, నోటు పుస్తకాల దాకా వెళ్ళాడు. కెమెరా బయటికి తీశాడు.

"ఇదీ నీ దగ్గర సంగీతం నేర్చుకుంటోందా?"

"దొంగల కోసం."

వాడు నా వంక చూశాడు. కంప్యూటరు ముందు కూర్చుని కెమెరా దాచిందంతా తెరిచాడు. పదకొండు రోజులు. పదకొండు రోజులూ నేనే. కూర్చోవడం, కుర్చీ దిగడం, లేచి ఎత్తు పెంచుకోవడం. వాడు సౌండు పెంచాడు. కెమెరాకు చెవి కూడా ఉందని నాకప్పటిదాకా గుర్తు రాలేదు. ఒంటరిగా ఉంటే పైకే మాట్లాడడం అలవాటైపోయింది నాకు.

'దొంగ వెధవ. అక్క చావుబతుకుల్లో ఉంటే రెండు రోజులు రాలేదు. నా పాట చంపడానికైతే రోజూ వస్తున్నాడు.'

వాడు ఆపలేదు. అలాంటివి ఇంకో నాలుగు విన్నాడు. అప్పుడు ఆపాడు.

"ఆ రెండు రోజుల మాట నన్నే అడగొచ్చుగా బావా."

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

"రికార్డింగేం లేదు. అక్కని అలా చూడలేక స్టూడియో తలుపేసుకుని కూర్చున్నా."

నాకు జాలి కలగలేదు. నాలుగేళ్ళ కింద వాడు అబద్ధమాడాడు. నా అనుమానం తప్పు కాదు. నేను వెతికిన చోటే తప్పు.

వాడు కెమెరా తీగ పీకాడు. అట్టపెట్టెలోంచి ఒక చిన్న కార్డు తీసి, కంప్యూటరు మూత విప్పి లోపల బిగించాడు. సౌండు కార్డు తీగను దానికి గుచ్చాడు. "సౌండుకి వేరే దారి ఇచ్చా. ఎప్పుడో ఇవ్వాల్సింది. ఊఁ, వాయించు."

"నా పని పోతే నీకే కదా లాభం?"

"ఏం లాభం? పాటలు నాకొస్తే వయొలిన్ ఎవడు వాయిస్తాడు? నిన్నే పిలవాలి. నువ్వు రావు."

వాయించాను. ఒక పాట, రెండు, అయిదు. చిటపట లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆరో పాటలో చెయ్యెత్తాడు.

"చరణం మొదట్లో శ్రుతి తగ్గింది బావా."

గడియారం చూశాను. మూడున్నర. అయిదు దాటించడానికి ఎత్తు వేస్తున్నాడనిపించింది. "ఏదీ, వినిపించు" అన్నాను.

వినిపించాడు. చప్పుడంతా పోయి పాట అద్దంలా ఉంది. ఆ అద్దంలో నా మూడో వేలు జారడం స్పష్టంగా తెలిసింది. చిటపట ఉన్నన్నాళ్ళూ దాని మీదే చెవి పెట్టి, నా వేలు సంగతి నేను వినలేదు.

మళ్ళీ వాయించాను. వాడు చెయ్యెత్తలేదు.

నాలుగుముప్పావుకు ఎనిమిది పాటలూ వెళ్ళాయి. 'అందాయి మాస్టారూ, ఆరోది చాలా బాగుంది' అని టీచరమ్మ జవాబు. వాడది చదివి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం దాకా వెళ్ళలేదు. వాడు రాని ఆ రెండు రోజులు ఇప్పటికీ రెండు రోజులే.