జలపాతం ఎరుపెక్కే సాయంత్రం

అత్తగారు బల్ల మీద పటం పరిచిందంటే ఇక ఆ పూట కంచాలు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా గొంతు మాత్రం పోలేదు.

"బండి ఇక్కడ ఆపుతాం. ఇక్కణ్ణుంచి నడక. ఈ వాగు దాటి, ఈ మెట్లెక్కితే ఎదురుగా జలపాతమే" అంది, పెన్సిలుతో దారి గీస్తూ.

నేషనల్ పార్కులో నిలువు కొండచరియ మీంచి పడే సన్నటి ధార అది. ఏడాది పొడుగునా మామూలు నీళ్ళే. చలికాలం చివర్లో కొద్దిరోజులు మాత్రం, అస్తమించే సూర్యుడి వెలుగు నేరుగా ఆ ధార మీదే పడుతుంది. ఆకాశం తేటగా ఉంటే నీళ్ళు కొలిమిలో ఇనుములా ఎర్రగా మెరుస్తాయి. మబ్బు పట్టిందా, వచ్చిన దారినే తిరిగి రావాలి. ఎప్పుడో ఒక ప్రయాణికుడు సీట్లో మరిచిపోయిన పత్రికలో ఆ బొమ్మ చూసింది అత్తగారు. ప్రతి చలికాలం సెలవడిగింది. ఏనాడూ దొరకలేదు.

"ఈసారి ఎవడు ఆపుతాడో చూస్తా" అంది.

"ఎవరూ ఆపరులే అమ్మా. మంచులో జారకుండా టైర్లకి కట్టే గొలుసులు కూడా చూసొచ్చాను" అన్నాడు కొడుకు. నీళ్ళ పంపులు బాగుచేసే మెకానిక్ అతను. తల్లి సరదా చూసి అతనికీ హుషారొచ్చింది.

కోడలు మాత్రం పటంలో ఆ మెట్లకేసే చూస్తూ ఉండిపోయింది.

అంతకు కొన్నాళ్ళ ముందు కూరగాయల సంచులతో అత్తాకోడళ్ళిద్దరూ ఇంటి మెట్లెక్కుతున్నారు. అత్తగారు పక్కింటావిడ మీద ఏదో జోకు వేస్తూ, మాట సగంలో ఆగిపోయింది. కళ్ళు తేలేసి గోడవారగా జారి కూలబడింది. టమాటాలు మెట్ల మీంచి దొర్లిపోయాయి. కోడలు గొంతు పెగిలేలోపే కళ్ళు తెరిచి, "ఏమిటే అలా గుడ్లప్పగించి చూస్తావు? ముందవి ఏరు" అంది. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది మొదటిసారి కాదు కదూ?"

ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాడికి చెప్పావంటే నా మీద ఒట్టే. తెలిస్తే ప్రయాణం గోవిందా."

ఆ ఒట్టు కోడలిని పనిలోనూ వదల్లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. చెయ్యి వణికితే సాగని పని. ఇప్పుడు అద్దం సానరాయికి ఆనించగానే ఆ మెట్లూ, దొర్లే టమాటాలూ కళ్ళ ముందుకొచ్చేవి. ఒకరోజు అద్దం అంచు చిట్లిపోయింది. యజమాని ఏమీ అనలేదు కానీ కొత్త అద్దం తీసిస్తూ ఆమె మొహంలోకి చూశాడు.

మధ్యాహ్నం దుకాణం వెనక సందులో నిలబడి పార్కుకి ఫోన్ చేసింది.

"ఆ నడకదారిలో పెద్దవాళ్ళెవరైనా స్పృహ తప్పితే ఏం చేస్తారండీ?"

"అక్కడ ఫోన్లు పనిచెయ్యవమ్మా" అన్నాడు గార్డు నింపాదిగా. "మీలో ఒకరు కిందికి పరుగెత్తుకొచ్చి చెప్పాలి. స్ట్రెచర్ మోసుకుని మేము పైకొస్తాం. మంచు పడుతుంటే మాత్రం ఆలస్యమే. ఎందుకు, ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"లేదండీ, ఊరికే అడిగాను" అంది.

ఇంట్లో పరిస్థితి మరీ కష్టమైంది. స్నానాలగది తలుపు గడియ పడితే చాలు, చేతిలో పని వదిలేసి చెవులు రిక్కించేది. లోపల నీళ్ళ చప్పుడు ఆగితే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేది. చెప్తే అత్తగారికి తను శత్రువు. చెప్పకపోతే, ఏదైనా జరిగిన రోజున భర్త మొహం ఎలా చూడాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బూట్లు కొనడానికి ముగ్గురూ వెళ్ళారు. మంచు మీద జారకుండా అడుగున ముళ్ళున్న పట్టీలు తగిలించుకుని అత్తగారు దుకాణంలో టకటకా నడిచింది. "చూడరా, కొండమేకలా లేనూ?" అంది. సేల్స్ అమ్మాయి కూడా నవ్వింది. వెనక్కి తిరుగుతూ అత్తగారు ఒక్క క్షణం ఆగి, అలమర అంచు పట్టుకుంది. కళ్ళు మూసి తెరిచింది. కొడుకు బిల్లు దగ్గరున్నాడు, చూడలేదు. కోడలు చూసింది.

"ఏమండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అత్తయ్యని కొండెక్కించొద్దు. మొన్న మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయారు."

కొడుకు తల్లికేసి చూశాడు. అత్తగారి మొహం జేవురించింది.

"కాలు జారింది, అంతే. దీనికి కొండంటే భయం. రాకుండా తప్పించుకోడానికి నా మీద పెడుతోంది" అంది.

"ఒట్టేయించుకున్నారు కదత్తయ్యా."

"చూశావురా! ఎన్ని కథలో!"

కొడుకు ఎటూ తేల్చుకోలేకపోయాడు. చివరికి, "డాక్టరుకి ఒకసారి చూపిస్తే పోయేదేముందమ్మా?" అన్నాడు. "పద, దీని అబద్ధం కూడా తేలిపోతుంది" అంది అత్తగారు.

డాక్టరు అత్తగారి ఛాతీకి తీగలు అతికించి, గుండె కొట్టుకోవడం నమోదు చేసే చిన్న యంత్రం నడుముకి కట్టి, మర్నాటిదాకా తియ్యొద్దన్నాడు. ఆ రోజంతా అత్తగారు కోడలితో పలకలేదు. నీళ్ళు కావాలన్నా కొడుకునే అడిగింది. కోడలికి ఇంకో భయం పట్టుకుంది. యంత్రంలో ఏమీ తేలకపోతే? ఆ ఇంట్లో ఇక తన మాటకి విలువేముంటుంది? మరుక్షణమే, ఏమీ తేలకూడదనే కోరుకుంది.

మర్నాడు యంత్రం గీసిన కాగితం చూస్తూ చూస్తూ డాక్టరు కళ్ళజోడు తీసేశాడు.

"గుండె మధ్యమధ్యలో ఆగుతోంది. నిద్రలో అయితే చాలాసేపే ఆగింది. మీరు ఇంటికెళ్ళడానికి లేదమ్మా. ఇటునుంచి ఇటే వార్డుకి. పేస్‌మేకర్ పెట్టాలి."

కొడుకు గోడకి చేరబడిపోయాడు. అత్తగారు తన ఛాతీకేసి, అదేదో పరాయి వస్తువన్నట్టు చూసుకుంది.

వార్డులో చక్రాల మంచం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆవిడ కోడలి కొంగు పట్టుకుని లాగింది. బస్సంతా వినబడే ఆ గొంతు గుసగుసగా మారిపోయింది.

"అమ్మాయ్, భయమేస్తోందే."

"నాకూ వేస్తోంది అత్తయ్యా. మెట్ల మీద పడ్డ రోజునుంచీ వేస్తూనే ఉంది."

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అంది అత్తగారు. ఇంకేదో అనబోయేసరికి మంచం వచ్చింది.

ఆపరేషను గది తలుపు మళ్ళీ తెరుచుకునేదాకా మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే కూర్చున్నారు. "నాకు మొదటిరోజే చెప్పాల్సింది" అన్నాడతను ఒకసారి. "అవును" అంది ఆమె.

ఆపరేషను బాగానే జరిగింది. చలికాలం చివరికి అత్తగారు మళ్ళీ పటం తీసింది. డాక్టరు సరేనన్నాడు కానీ ఎక్కడం వద్దన్నాడు. కోడలు ఈసారి గార్డుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మెట్లెక్కకుండానే కింద మైదానం నుంచి చూడొచ్చన్నాడతను. అయినా గొలుసులు కట్టిన బండి కొండ మలుపుల్లో కరకరలాడుతుంటే ఆమె దారి పొడుగునా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే కూర్చుంది.

మైదానంలో జనం దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. పడమట మబ్బు ఒకటి కదలనని మొండికేసింది. ఎండ పోతోంది. చలికి అత్తగారి వేళ్ళు కొయ్యబారాయి. కోడలు ఆ వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుని, మణికట్టు దగ్గర నాడి వెతుక్కుంది.

ఉన్నట్టుండి జనంలో "ఆహా" అని సద్దు పుట్టింది. కోడలు అటు తిరగలేదు, అత్తగారి మొహమే చూసింది. అత్తగారి మొహం ఎర్రబడింది. కళ్ళు విప్పారాయి, పెదవులు వణికాయి. అది వెలుగో, జబ్బో కోడలికి తెలియలేదు.

"అత్తయ్యా! ఏమైంది?"

"ఓసి పిచ్చిదానా, నా మొహంలో ఏముందే? అటు చూడు!"

కోడలు తల తిప్పింది. కొండచరియ మీద అప్పటికే చీకటి పడింది. మబ్బు సందులోంచి పడ్డ వెలుగుకి దాని మధ్య ధార ఒక్కటే, పైనుంచి కిందిదాకా, నిప్పై పారుతోంది. ఆమె చూస్తుండగానే అడుగునుంచి ఆరుతూ వచ్చింది. చూసినది కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ నాడి సంగతి ఆమె మరిచిపోయింది.