ఆదివారం కథ చివరి భాగం

మా వీధిలో మొదట టీవీ కొన్నది మేమే. అప్పట్లో చిత్తూరులో బొమ్మ రావాలంటే మిద్దె మీద ఎత్తుగా ఇనుప గొట్టం నిలబెట్టి, యాంటెన్నాను మద్రాసు వైపు తిప్పి పెట్టాలి. గాలి కొడితే అది పక్కకు తిరిగిపోయేది. మా ఆయన మిద్దె ఎక్కి దాన్ని సర్దుతూ "వచ్చిందా?" అని అడిగేవారు. కింద కూర్చున్నవాళ్ళంతా "వచ్చింది, వచ్చింది" అని, అంతలోనే "పోయింది" అని అరిచేవాళ్ళు. ఆయన దిగివచ్చి లోపలి గదిలో పేపరు పట్టుకునేవారు. టీవీ కొన్నది ఆయనే కానీ దాని ముందు కూర్చోగా నేను చూడలేదు.

మంగళవారం సాయంత్రం అరవ నాటకం వచ్చేది. అది అందరికీ అర్థమయ్యేది. ఆదివారం పొద్దున వచ్చే హిందీ కథ మాత్రం నేను చెప్పాలి. పెళ్ళికి ముందు తిరుపతిలో బి.ఏ. చదువుతూ హిందీ ప్రచార సభ పరీక్షలు కూడా రాశాను. ఆ హిందీ ఇన్నేళ్ళూ దేనికీ అక్కరకు రాలేదు. ఇప్పుడు ఆడవాళ్ళంతా తలంట్లు పోసుకుని, తడి జుట్టు ఆరబోసుకుని మా హాల్లో కూర్చుంటే, తెర మీద వాళ్ళు ఒక మాట అనడం, నేను ఆ మాట తెలుగులో అనడం.

నేను కథ చెప్పి ఊరుకునేదాన్ని కాదు. బాగుందో లేదో కూడా చెప్పేదాన్ని. అరవ నాటకంలో తలుపు గట్టిగా వేస్తే గోడంతా ఊగేది. తండ్రి కొడుకును పిలిచి, "నువ్వు నా పెద్దకొడుకువు, మీ అమ్మ పోయి పదేళ్ళయింది" అనేవాడు. ఆ సంగతి కొడుక్కి తెలియదా? మనకు చెప్పడం చేతగాక వాడికి చెప్పడం. హాస్య నాటకాల్లో మొగుడు పెళ్ళానికి భయపడి మంచం కింద దూరేవాడు. వారం వారం అదే మంచం.

"నీకు నవ్వు రాలేదా మే?" అని సుబ్బులమ్మ అవ్వ అడిగేది. ఆమెది ఎదురిల్లు. పండ్లు లేవు, నవ్వితే కళ్ళలో నీళ్ళు కారేవి.

"పోయిన వారమే నవ్వేసినాను కదవ్వా."

"సదువుకున్నోళ్ళు నవ్వేదానికి గూడా పిసినారులే," అని ఆమె మళ్ళీ నవ్వేది. "మా ముసలోడు ఒక్కనాడన్నా మంచం కింద దూరలేదు. దూరింటే రోంత కాఫీ గూడా ఇచ్చింటాను."

మాకు రెండిళ్ళ అవతల ఆనందమ్మ ఉండేది. మిషను పెట్టుకుని రవికెలు కుట్టేది. ఆమె భర్త కుప్పయ్య లారీ డ్రైవరు. రెండు మామిడి కాపుల కిందట బెంగళూరా మామిడికాయల లోడు ఎత్తుకుని పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. ప్రమాదమేమీ కాదు. కాట్పాడి దగ్గర టీకొట్టులో చూశామని వేరే డ్రైవర్లు చెప్పారు. బాగున్నాడనే చెప్పారు.

ఆమె అన్న గోవిందస్వామికి పాకాల జంక్షన్లో రైల్వే ఉద్యోగం. అప్పుడప్పుడూ వచ్చి, ఇల్లు ఖాళీ చేసి తన దగ్గరికి వచ్చెయ్యమని అడిగేవాడు. ఆమె పోయేది కాదు. తాను పాకాలకు పోయిన మర్నాడు కుప్పయ్య వస్తే, తలుపుకు తాళం చూసి తిరిగిపోతాడని ఆమె భయం. ఈ ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆయన వస్తాడు. పాకాల బస్సెక్కితే ఇంక రాడు. అది వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఆ ఏడు ఆదివారం వచ్చిన కథ కూడా అలాంటిదే. విమల అనే ఆమె మొగుడు వేరే ఊళ్ళో ఉద్యోగమని పోయి, ఉత్తరాలు మానేస్తాడు. ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి వారమే నేను తప్పులు పట్టాను. ఒంటరిగా ఉండే మనిషి చీర మీద ఇస్త్రీ మడతలు చెదరవు. వంటింట్లో ఒక్క గిన్నెకూ మసి లేదు. ఆమె ఏడుపు మొదలుపెట్టేలోపే వీణ మొదలవుతుంది, ఆమెను సరిగా ఏడవనివ్వరు. నేనిలా చెబుతుంటే అందరూ నవ్వేవాళ్ళు. ఆనందమ్మ నవ్వేది కాదు, తెర మీదినుంచి కళ్ళు తీసేది కాదు.

కథ సగంలో ఉండగా ఒక్క చోట మాత్రం నేను మెచ్చుకున్నాను. మొదటి వారాల్లో ఎవరు తలుపు తట్టినా విమల ముందు అద్దంలో చూసుకునేది. ఆ వారం తట్టితే పిండి చేతులతోనే పోయి తీసింది.

"ఈమెకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసక్కా?" అంది ఆనందమ్మ. అన్ని వారాల్లో ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది.

"ఈ వేషం ఎట్లా వెయ్యాలో తెలుసు. తలుపు తట్టేది ఆయన కాదని ఈ మనిషికి అర్థమయిపోయింది. మాటల్లో చెప్పకుండా చేసి చూపించింది."

మార్గశిరం చలి రోజులు. అందరి ఒళ్ళోనూ నానబెట్టిన అనపగింజల గిన్నెలు. టీవీ చూస్తూనే ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పితికి తోలు తీసేవాళ్ళు. ఆనందమ్మ చేతులు మాత్రం కొంతసేపు ఆగిపోయాయి.

కథ చివరి భాగానికి ఒక వారం ముందు గోవిందస్వామి వచ్చాడు. చెల్లెలు ఇంట్లో లేకపోతే మా ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తెర మీద కథ అయిపోవస్తోంది. విమల ఇంటి గేటు ఎవరో తీశారు. కాళ్ళు మాత్రం చూపించి ఆపేశారు.

"మొగునియే ఆ కాళ్ళు," అంది సుబ్బులమ్మ అవ్వ. "సూడు, బూట్లు."

"పోస్టుమేనుకు బూట్లుండవా అవ్వా?" అన్నాను.

"పోస్టుమేనుకైతే కాళ్ళెందుకు సూపిస్తారు, సంచీ సూపిస్తారు గానీ."

అవ్వకు చదువు రాకపోయినా కథలు కట్టేవాళ్ళ బుద్ధి తెలుసు.

గోవిందస్వామి ఆనందమ్మను బయటికి పిలిచాడు. మాటలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎన్నిసార్లు తిరిగేది పాపా నేను? మీ వదిన గూడా రమ్మంటా ఉండాది. ఆడ నీకు మిషను పెట్టుకునే దానికి వరండా ఉండాది. ఏమంటావు?"

"ఈ కథ అయిపోనీన్నా. వచ్చే ఆదివారంతో అయిపోతాది. అప్పుడు చెప్తా."

"కథకూ నీకూ ఏంది సంబంధం?"

అతను గడపలోంచి నా వైపు తిరిగి, "ఏమక్కా, ఈ పెట్టెలో ఏం మందు పెట్టినారు మా పాపకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. సంబంధమేమిటో మా ముగ్గురికీ తెలుసు.

ఆ వారం మధ్యలో ఒక పెద్ద నాయకుడు పోయారు. టీవీలో అన్ని కార్యక్రమాలూ ఆపేసి సంతాప సంగీతం పెట్టారు. ఎప్పుడు వేసినా ఒక మనిషి కళ్ళు మూసుకుని వాయిద్యం వాయిస్తూ ఉండేవాడు. ఆదివారం కథ రాదని తెలిసి కూడా అందరూ మా ఇంటికి వచ్చారు. గిన్నెలు తెచ్చుకున్నారు. ఆనందమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. టీవీ వేసి పెట్టాను. గింజలు గిన్నెల్లో పడే చప్పుడు, ఆ సంగీతం.

"ఈయనెప్పుడు లేసేది?" అంది సుబ్బులమ్మ అవ్వ కొంతసేపటికి.

ఎవరూ నవ్వలేదు. అన్ని గింజలూ పితకడం అయ్యేదాకా కూర్చుని, లేచిపోయారు.

ఆ తరువాతి ఆదివారం ఆ వేళకు ఇంకేదో కొత్త కథ మొదలుపెట్టారు. మన కథ చివరి భాగం వేరే రోజెప్పుడైనా వేశారో, అసలు వేయనే లేదో మాకు తెలియలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆనందమ్మ వచ్చింది. నేను అన్నం తిని గిన్నెలు సర్దుతున్నాను. వంటింటి గడప మీద కూర్చుంది.

"అక్కా, ఆ గేటు తీసింది ఎవరు?"

"నాకెట్లా తెలుస్తుంది ఆనందా?"

"నువ్వు చెప్తావు. ప్రతివారమూ ముందుగానే చెప్తావు కదా, ఇట్లయితాది చూడండి అని. ఒక్కసారన్నా తప్పయిందా?"

తప్పు కాలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు, వాళ్ళు అంత తెలిసేటట్టు రాసేవాళ్ళు. నేను చెయ్యి తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు నేను ఆమెను ఓదార్చాలని అనుకోలేదు, నొప్పిస్తానేమోనని కూడా అనుకోలేదు. కథ గురించే ఆలోచించాను. అన్ని వారాలుగా చేస్తున్న పని అదే కాబట్టి అలవాటుగా ఆ పనే చేశాను.

"ఆ కథ తీసినవాళ్ళ లెక్కలో మొగుడే," అన్నాను. "వచ్చి తప్పయిందంటాడు. ఆమె ఏడుస్తుంది. వీణ వాయిస్తారు. ముగించడం చేతకానివాళ్ళు అట్లే ముగిస్తారు."

"చేతనయినోళ్ళయితే?"

"ఎవరో అడ్రసు తెలియక వచ్చినవాడు. ఆమె తలుపు తీసి, ఈ ఇల్లు కాదని చెప్పి, లోపలికి పోతుంది. అంతే."

"ఆయప్ప రాడా?"

"ఆ కథలో రాడు. వస్తే ఇన్ని వారాలూ ఆమెను చూపించిందంతా అబద్ధమయిపోతుంది."

"నేను కథ సంగతే అడిగేది," అంది.

"నేనూ కథ సంగతే చెప్పేది."

ఆమె కొంతసేపు నేల మీద గీత గీస్తూ కూర్చుంది. తరువాత, "బాగుంటాదిలే అట్లయితే," అని లేచింది. కొళాయిలో నీళ్ళు వచ్చే వేళయిందని చెప్పి వెళ్ళింది.

ఆ వచ్చే ఆదివారం గోవిందస్వామి పాకాలనుంచి వచ్చి సామాను కట్టించాడు. మిషనును బస్సు మీదికి ఎక్కించడానికి తాడు తెచ్చుకున్నాడు. ఎక్కువ సామాను లేదు. తాళం చెవి ఇంటిగలవాళ్ళకు ఇమ్మని నాకిచ్చింది. నేను కుంకుమ భరిణె పట్టుకొస్తే బొట్టు పెట్టుకుంది. సుబ్బులమ్మ అవ్వ, "పండక్కన్నా రా మే, నువ్వు కుట్టేదానికి రవికె గుడ్డలు దాచిపెట్టుకోని ఉంటా" అంది. ఏడుస్తారేమో అనుకున్నాను. ఎవరూ ఏడవలేదు. రిక్షా మలుపు తిరిగాక ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు వెళ్ళాము. లోపల కొత్త కథ నడుస్తోంది. చెప్పేవాళ్ళు లేక ఎవరూ చూడటం లేదు.

"పోయిందా?" అన్నారు మా ఆయన పేపరు మీదినుంచి.

"పోయింది."

"మంచిదే."

బాధ కలుగుతుందేమోనని ఆ రోజంతా చూశాను. అన్నం వండాను, బట్టలు మడిచాను. ఏమీ కలగలేదు.

మామిడికాయల లారీలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కుప్పయ్య వచ్చాడు. వరండాలో మిరపకాయలు ఎండబోస్తుంటే, ఆనందమ్మ ఉండిన ఇంటి ముందు ఎవరో నిలబడి ఉండటం కనిపించింది. కాస్త లావయ్యాడు. కొత్త చెప్పులు. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళు తలుపు తీసి ఏదో చెప్పి వేశారు. అతను అటూ ఇటూ చూసి మా ఇంటికి వచ్చాడు. తెర మీద ఎవరైనా ఇలా రప్పించి ఉంటే పగలబడి నవ్వేదాన్ని.

"అక్కా, రోంత నీళ్ళిస్తావా?"

చెంబుతో ఇచ్చాను. పైకెత్తి తాగాడు.

"ఈడుండిన ఆనంద యాడికి పోయినాది?"

"పాకాలకు. వాళ్ళన్న ఇంటికి, రైల్వే క్వార్టర్సులో."

"ఎప్పుడు పోయింది?"

"మామిడి పూత రోజుల్లో."

"అట్లనా." చెంబు వరండా గట్టు మీద పెట్టాడు. ఎందుకు పోయిందని అడగలేదు. ఎలా ఉందనీ అడగలేదు.

"పాకాల బస్సు ఇప్పుడే ఉండాది, పోతే దొరుకుతుంది," అన్నాను. నా గొంతు నాకే, ఎవరో రాసిచ్చింది చదివి వినిపించినట్టు అనిపించింది.

"తెలుసక్కా," అన్నాడు. వీధి చివరిదాకా పోయి బీడీ ముట్టించుకున్నాడు. బస్టాండుకు కుడి వైపు తిరగాలి. ఎడమ వైపు పోతే లారీలు నిలిపే చోటు. కొంతసేపు నిలబడి ఎడమ వైపు పోయాడు. లారీ అక్కడ పెట్టి ఉంటాడు. దాన్ని తీసుకుని పాకాల మీదుగా పోయాడేమో నాకు తెలియదు.

వానలు పడ్డాక ఆనందమ్మ లైనింగు గుడ్డ కొనడానికి చిత్తూరుకు వచ్చి, మా ఇంటికి కూడా వచ్చింది. పాకాలలో పని బాగా దొరుకుతోందట. రైల్వేవాళ్ళ ఆడవాళ్ళంతా తన దగ్గరే కుట్టించుకుంటున్నారట. కాఫీ తాగేదాకా ఆగి, కుప్పయ్య వచ్చిన సంగతి చెప్పాను. అడ్రసు ఇచ్చానని కూడా చెప్పాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆడికి రాలేదు," అంది.

"రాలేదా?"

"లేదు. ఎట్లుండినాడు?"

"బాగానే ఉండినాడు. రోంత లావయినాడు."

"నాకేమన్నా చెప్పమన్నాడా?"

"లేదు."

"నువ్వు చెప్పింది తప్పయిపోయింది కదక్కా," అంది.

"అవును, తప్పయింది."

నన్ను తప్పు పట్టినట్టు లేదు. పావడా గుడ్డ, లైనింగు గుడ్డ వేరువేరుగా మడిచి సంచీలో పెట్టుకుంది. అన్నీ పెట్టుకున్నాక అంది, "ఈడనే ఉండింటే తలుపు తీసింటాను."

పోగొట్టుకున్నానని అందో, తప్పించుకున్నానని అందో ఆ ముఖంలో నాకు దొరకలేదు. చూస్తూ కూర్చున్నాను. బస్సుకు వేళయిందని ఆమే లేచింది.