ఇబ్రిలో పంచాయితీ

సురేందర్ కావాలనే పంచాయితీ ఇబ్రిలో పెట్టించాడు. ఈ మాట భీమన్న మస్కట్ పక్కనున్న అల్ హైల్ రూమ్‌లో వినేవాడికీ విననివాడికీ చెప్పాడు. మస్కట్ దగ్గర ఎక్కడైనా పెట్టొచ్చు, ఊరోళ్లు ఇక్కడా ఉన్నారు. కానీ సురేందర్ కొలువు ఇబ్రిలో, ఇనుప సామాన్ల దుకాణంలో. ఊళ్లో కులపెద్దగా ఉండిన అంకయ్య కూడా అక్కడే, అదే రూమ్‌లో కింది మంచం మీద పడుకుంటాడు.

ఊరి మొగోళ్లలో సగం మంది ఒమాన్‌లో ఉంటే ఊరి పంచాయితీ కూడా ఒమాన్‌కే వచ్చింది. శుక్రవారం సెలవు కాబట్టి రూమ్‌లో చాపలు పరుస్తారు. బీడీలు ముట్టించుకుని, ఊళ్లో కూర్చున్నట్టే కూర్చుంటారు. దస్తూరు కూడా ఊరిదే. పిలిచిన రోజున రానివాడు ఒప్పుకున్నట్టు లెక్క.

తగువు కూడా కొత్తదేం కాదు. సురేందర్ నాయిన, భీమన్న నాయిన సొంత అన్నదమ్ములు. భూమి పట్టా పెద్దాయన పేరు మీద, అంటే సురేందర్ నాయిన పేరు మీద ఉండిపోయింది. పంచుకున్నది నోటిమాట మీద. హద్దురాళ్లు పాతిన రోజు అంకయ్య పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు ముసలోళ్లు ఇద్దరూ లేరు. సురేందర్ మొత్తం భూమికి ఊళ్లో బేరం కుదుర్చుకుని, సెలవు మీద శనివారం విమానం ఎక్కుతున్నాడు. భీమన్న చేయాల్సింది ఒకటే. శుక్రవారం మధ్యాహ్నంలోపు ఆ చాప మీద కూర్చుని నా పాలు నాకు కావాలె అనాలి. అంటే అంకయ్య సాక్ష్యం చెబుతాడు. అంకయ్య చెబితే సురేందర్ కాదనలేడు.

ఇబ్రి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం, బస్సు ఉంది. కానీ అది తొంభై మూడు ఎండాకాలం, కంపెనీ మూడు నెలలుగా జీతాలు ఆపింది. జేబులో ఉన్నది ఒక దిక్కు టికెట్టుకే వస్తుంది. దాన్ని తిరిగి రావడానికి దాచుకుని, పోయేటప్పుడు రోడ్డు మీద చెయ్యెత్తుకుంటూ పోదామనుకున్నాడు. గురువారం పగటి డ్యూటీ దిగి సంచి భుజానికి తగిలించుకున్నాడు. అందులో నాలుగు ఖుబ్జు రొట్టెలు, రెండు ఉల్లిగడ్డలు, మామిడికాయ తొక్కు, ఉతికిన అంగీ. ఆరేండ్లలో సైటూ రూమూ తప్ప ఆ దేశంలో అతను చూసింది లేదు.

"తెల్లోళ్లు దేశం జూడబోయినట్టు పోతున్నవే భీమన్నా. మెడల కెమెరా ఒక్కటే తక్కువ" అన్నాడు పక్క మంచం సంజీవ్.

ఫంజా దాకా నీళ్ల ట్యాంకర్ దొరికింది. డ్రైవర్ ఖమరుద్దీన్‌ది హైదరాబాద్. దారి పొడుగునా తన పెండ్లాం తమ్ముళ్లను తిడుతూనే ఉన్నాడు. భీమన్న ఊఁ కొడుతూ కూర్చున్నాడు. అటూ ఇటూ పచ్చని ఆకు లేని కొండలు వచ్చాయి, పోయాయి. తెల్లోళ్లు ఇంత దూరం వచ్చి చూసేవి ఇవేనేమో అనుకున్నాడు. బాగున్నాయనీ అనిపించలేదు, బాగాలేవనీ అనిపించలేదు.

ఫంజాలో పొద్దు వాలే దాకా నిలబడితే ఒక పికప్ ఆగింది. నడిపేది తెల్లగడ్డం ముసలాయన, వెనక మేకలు. శుక్రవారం పొద్దున నిజ్వాలో మేకల సంత. ఇబ్రి అన్నాడు భీమన్న. ముసలాయన వెనక్కి చెయ్యి చూపించాడు. మేకల మధ్య కూర్చుని నిజ్వా చేరి, ఆ రాత్రి వాటి పక్కనే పడుకున్నాడు.

తెల్లారి సంతలో జనం గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్లు మేకలను తాడు పట్టుకుని వాళ్ల ముందు తిప్పుతున్నారు. చూసేవాళ్లు పండ్లు చూస్తారు, పొదుగు పిసుకుతారు. ముసలాయన మేకలను రెండు చుట్లు భీమన్న తిప్పాడు. ఎనిమిదింటికల్లా అన్నీ అమ్ముడుపోయాయి. మా ఊరు బహలా ఇబ్రి దారిలోనే, ఎక్కు అని ముసలాయన సైగ చేశాడు. చేతిలో ఇంకా నాలుగు గంటలు ఉన్నాయి. భీమన్న ఎక్కాడు.

బహలాలో రోడ్డు పక్కన దింపుతాడనుకుంటే ఇంటికి తీసుకుపోయాడు. మట్టిగోడల గది, చాప, పళ్లెం నిండా ఖర్జూరాలు. చిన్న కప్పులో ఖహ్వా పోశాడు, వాళ్ల చేదు కాఫీ. భీమన్న తాగి కప్పు చాపాడు. మళ్లీ పోశాడు. తాగాడు. మళ్లీ పోశాడు. చాలనిపిస్తే కప్పు కొంచెం అటూ ఇటూ ఊపి ఇవ్వాలట. ఆ సంగతి తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు. ఆరేండ్లలో ఒక్క ఒమానీ ఇంట్లోకి పోయినవాడు కాదు, అతనికెట్లా తెలుస్తుంది? పోసింది వదిలేస్తే మర్యాద కాదని తాగుతూ పోయాడు.

పదకొండయింది. గోడ గడియారం ఎదురుగానే ఉంది. ముసలాయన లేచి స్నానం చేసి, నమాజుకు పోయొస్తాను, వచ్చాక తిందాం, కూర్చో అన్నట్టు చెప్పాడు. భీమన్న తల ఊపి "ఐవా" అన్నాడు.

అట్లాగే అన్నాడు. అరబ్బీలో వద్దనడానికి మాట తెలియక కాదు. 'లా' అంటే చాలు. కానీ ఆ మాట యజమాని ముందు అన్నవాడు తెల్లారి విమానం ఎక్కడం కంపెనీలో రెండుసార్లు చూశాడు. అప్పటినుంచి తెల్లబట్టల మనిషి ఏం చెప్పినా నోరు దానంతట అదే ఐవా అంటుంది. ముసలాయన వెళ్లిపోయాక గదిలో ఒక్కడే మిగిలాడు. తలుపు తెరిచే ఉంది. తలుపులోంచి రోడ్డు, దాని మీద బండ్లు కనిపిస్తున్నాయి. సంచి ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. లేవాలని తెలుసు. లేవలేదు. పన్నెండు దాటినప్పుడు ఒళ్లు ఝల్లుమనాలి కదా అనుకున్నాడు. అనలేదు.

ముసలాయన వచ్చాక ఒకే పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం తిన్నారు. మంచి ముక్కలు ఏరి భీమన్న వైపు జరిపాడు. రెండింటికి తనే పికప్ తీసి, దారిలో దింపకుండా ఇబ్రిలో రూమ్ ముందు దాకా తెచ్చి దింపాడు. చెయ్యి గుండెకు ఆనించి వెళ్లిపోయాడు.

లోపల చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నాయి. నలుగురు పేకాడుతున్నారు. అంకయ్య మంచం మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు.

"ఒంటిగంట దాక జూసినం తమ్మీ. ఏడున్నవ్?"

"బహలాల."

"బండి దొరకలేదా?"

"దొరికింది. ఒక ముసలాయన ఇంట్ల ఖహ్వా తాగిన. అన్నం తిన్న."

పేక పంచేవాడు చెయ్యి ఆపాడు. "అల్లుని లెక్క మర్యాద జేసిండ్రన్నట్టు" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. అంకయ్య నవ్వలేదు.

సురేందర్ ఒంటిగంట దాటగానే మస్కట్ టాక్సీ ఎక్కేశాడట. వచ్చే దారిలో ఎదురు పడే ఉంటాడు. ఇంకో శుక్రవారం కూర్చోవచ్చా అని భీమన్న అడిగాడు. లేచిన పంచాయితీ మళ్లీ కూర్చోదని అతనికీ తెలుసు.

"రాళ్లు నా ముంగటనే పాతిండ్రు. నేను మర్చిపోలే" అన్నాడు అంకయ్య. "కని అడిగేటోడే లేకపాయె. ఎవని దిక్కు సాక్షం జెప్పాలె నేను? నీకేం బుట్టిందిరా ముసలోడా అనడా వాడు?"

పంచాయితీ గెలిచినవాడు అందరికీ తాగబోయాలి. సురేందర్ కల్లుకు బదులు సోడాలు తెప్పించి పోయాడట. "నీకని ఒకటి ఉంచినం" అని ఎవరో సీసా తెచ్చి చేతికిచ్చారు. చల్లగా ఉంది. మూత తీసి తాగాడు.

మర్నాడు బస్సెక్కి అల్ హైల్ వచ్చాడు. ఒక రోజు డ్యూటీ కోసుకున్నారు. సురేందర్ ఊళ్లో ఆ నెలలోనే భూమి రిజిస్ట్రీ చేసిచ్చాడని తెలిసింది. కాలువ కింది మడులు, వాటి పైనున్న చెలక, గట్టు మీది రెండు ఈతచెట్లతో సహా. అందులో భీమన్న పాలు ఎకరం పదమూడు గుంటలు.