వెనక సీట్లో మాస్టారు

బండి ఇంకా కదల్లేదు అప్పుడే ఒక గీతా, దేనికి పడిందో, పెళ్ళాం అద్దం సర్దుకోకుండా ముందు బెల్టు పెట్టుకుందనా, చెప్పులు విప్పేసి ఉత్త కాళ్ళతో కూర్చుందనా, ఉత్త కాళ్ళతో నడపకూడదని రూలేమీ లేదే, ముప్పై ఏళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్న తనకి తెలియని రూలు పరీక్ష పెట్టే ఈ గీతల మేడమ్‌కి ఎక్కడ దొరికిందో, ఊరికే పెట్టారా ఆవిడకి ఆ పేరు నేర్చుకునే పిల్లలు, తప్పుకో గీత చొప్పున కాగితం మీద గీస్తుంది, మూడు పడ్డాయా దిగిపొమ్మంటుంది, కోపం ఉండదు జాలి ఉండదు, కూరగాయలు ఏరినట్టు ఏరుతుంది మనుషుల్ని, ఆవిడ ఇప్పుడు కూర్చున్నది ఎవరి సీట్లో, తన సీట్లో, డ్రైవరు పక్క సీటు, అడుగున రెండో బ్రేకు పెడలు ఉన్న సీటు, ముప్పై ఏళ్ళు కూర్చుని గుంట పడేలా అరగదీసిన సీటు, తనేమో వెనక, పెళ్ళాం సీటు వెనకాల మోకాళ్ళు ముడుచుకుని, పరీక్ష జరిగినంతసేపూ నేర్పినవాడు నోరెత్తకూడదు, గట్టిగా దగ్గినా సైగ కిందే లెక్క, పరీక్ష రద్దు, వారేవా ఏం రూలు, నోటిమీదే బతికినవాడి నోరు కట్టేసి కూర్చోబెట్టడం, సరేనమ్మా బయల్దేరండి అంది మేడమ్, ఇంజను గురగురమంది, బండి కదిలింది.

బాగానే కదిలింది, కుదుపు లేదు, గేరు మారినట్టే తెలీలేదు, శభాష్ అనబోయి నాలిక కరుచుకున్నాడు, అయినా పోనివ్వడం ఎవడైనా పోనిస్తాడు, ఆపడంలో ఉందిరా విద్య అని వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే చెబుతాడు కదా తను, ఆ ఆపడం దగ్గరే ఈవిడ రెండుసార్లు తప్పింది, మొదటిసారి తెల్లగీత దాటి బండెడు ముందుకి, రెండోసారి దాటి మూరెడు, ఇది మూడోసారి, ఇదీ పోతే ఏడాది దాకా మళ్ళీ లైసెన్సు ఆఫీసు మెట్లెక్కనివ్వరు, ఏడాదా, తనకి ఏడాదెక్కడుంది, వచ్చే నెలకి చూపు ఎంత ఉంటుందో తెలీదు, నీటికాసులండీ అన్నాడు కళ్ళ డాక్టరు, చూపు అంచులనుంచి తినుకుంటూ వస్తుంది, పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి, ఎంత తేలిగ్గా చెప్పేశాడో మహానుభావుడు, అంతకుముందే తెల్లటి గిన్నెలాంటి మిషన్లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు, కాసేపు వచ్చాయి, తర్వాత మానేశాయి, మిషను చెడిపోయిందనుకున్నాడు, పక్కనున్న అమ్మాయి నొక్కండి నొక్కండి అంటుంటే అర్థమైంది, వస్తున్నాయన్నమాట, తనకే కనపడటం లేదన్నమాట, అప్పుడు చేశాడు తెలివైన పని, ఒకటి రెండు మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ మూడుకోసారి టక్కున నొక్కడం, డాక్టరు కాగితం చూసి నవ్వాడు, బాబాయిగారూ లేని చుక్కలు కూడా చూశారే మీరు, ఇది కంటికి పరీక్ష, మార్కులకి కాదు, ఇక బండి తోలకండి, ఎనిమిది నెలలైంది ఆ మాట అని, ఎవరికి చెప్పాడు, ఎవరికీ చెప్పలేదు, ఆ కాగితం మడిచి పాత టైర్ల బిల్లుల్లో దోపేసి, ఆ రాత్రే అన్నాడు, ఏమే, నువ్వూ నేర్చుకోకూడదూ బండి, ఈ వయసులోనా అని ఆవిడ పకపకా నవ్వింది, వయసుకేమే, నా నడుం పాడైంది, పొద్దున్నే పిల్లల్ని ఇళ్ళనుంచి ఎక్కించుకు రావడానికి నువ్వు తోలితే నేను పక్కన కూర్చుని నేర్పుకుంటాను, ఒప్పించడానికే ఆర్నెల్లు పట్టింది, నడుమట నడుం, గుండ్రాయిలా ఉంది నడుం.

మలుపు వచ్చింది, తిప్పుతోంది, మెల్లిగా, మెల్లిగా, వెనక సీటు కింద పట్టాని కాలు తనంతట తనే నొక్కేస్తోంది, అక్కడ పెడలు లేదురా బాబూ అని కాలికి ఎవరు చెప్పాలి, బస్సులో నొక్కుతుంది, సినిమా హాల్లో తెర మీద కారు కనిపిస్తే నొక్కుతుంది, నిద్రలో నొక్కి దుప్పటి చింపింది, ఇంతకాలం ఆ కాలే కదా అన్నం పెట్టింది, ఆ కాలే కదా రెండు నెలలపాటు ఈవిడ కొంప ముంచింది, ఔను, మరెవరు ముంచారు, తన మనసుకి తను అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎదురుగా ఏదో నల్లగా కదిలితే చాలు, మనిషో నీడో తేల్చుకునేలోపు ఎందుకొచ్చిన గొడవని ముందే తొక్కేసేవాడు, రెండు పెడళ్ళకీ ఒకటే కడ్డీ, ఇక్కడ నొక్కితే అక్కడ దిగుతుంది, ఆవిడ పాదం కింద పెడలు దిగేది, బండి ఆగేది, ఆహా చూశావా ఎంత చక్కగా ఆపావో అనేవాడు తను, పాపం ఆవిడ ఏమీ అనేది కాదు, రెండు నెలల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆవిడ కాలే బండిని ఆపిందా, ఆపనిచ్చాడా, ఇక పరీక్షలో ఎలా ఆపుతుంది, మేడమ్ కాలు కదపదు కదా, తెల్లగీత దాటదూ మరి, దాటింది, ఇంటికొచ్చాక తను ఎగిరిన ఎగురు, బ్రేకు తొక్కడానికి కూడా ముహూర్తం చూసుకోవాలటే, నీకు నేర్పడంకంటే గోడకి నేర్పడం నయం, పెరట్లో బట్టలారేస్తూ వెనక్కి తిరక్కుండా నిలబడిపోయింది ఆవిడ, చేతిలో తడి చొక్కా, నీళ్ళు కారుతున్నాయి, తప్పంతా తన దగ్గర పెట్టుకుని ఆవిణ్ణి అన్ని మాటలన్నాడు, ఛీ, ఏం మనిషి తను, రెండోసారి తప్పినప్పుడైనా చెప్పాల్సింది, చెబితే ఎందుకు తొక్కావు అంటుంది, ఎందుకు తొక్కావంటే కళ్ళ సంగతి చెప్పాలి, కళ్ళ సంగతి చెబితే డ్రైవింగు బడి మూసెయ్యాలి, అందుకని ఈ వారం రోజులూ కాలు ముడుచుకుని కూర్చుందామని ఒట్టు పెట్టుకున్నాడు, మొదటి చౌరస్తాలోనే ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

సిగ్నలిచ్చావా, ఇవ్వలేదు, అయ్యో మలుపు తిరిగేముందు దీపం వెయ్యాలే అని వెయ్యిసార్లు చెప్పానే, గొంతుదాకా వచ్చింది మాట, మింగాడు, మేడమ్ తల వంచింది, కలం తీసింది, రెండో గీత, పడుతోంది, ఇక ఒక్కటి, ఒక్కటి మిగిలింది, సన్న వీధి, రెండు పక్కలా ఆగి ఉన్న బళ్ళు, రోడ్డు ఖాళీ, పోనీ, నిదానంగా పోనీ, ఖాళీగానే ఉంది పోనీ అని మనసులో బతిమాలుకుంటున్నాడు, కీచుమంది, నుదురు వెళ్ళి ముందు సీటుకి కొట్టుకుంది, ఇంజను ఆగిపోయింది, ఏమైంది, ఎందుకాపింది, రోడ్డు ఖాళీ, ఎదురుగా ఎవరూ లేరు, పురుగు కూడా లేదు, భయంతో తొక్కేసిందన్నమాట, ఉత్త పుణ్యానికి తొక్కేసింది, అయిపోయింది, మూడో గీత, ఏడాది, ఓసి నా తల్లీ ఖాళీ రోడ్డు మీద బ్రేకేమిటే, కోపం నషాళానికంటింది, నోరు తెరిచాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, అద్దం మధ్యలోకి, తనకి మిగిలిన ఆ పిడికెడు వెలుగులోకి, ముందు ఒక కర్ర వచ్చింది, తర్వాత ఒక సంచి, తర్వాత వంగిపోయిన ముసలామె, బంపరుకీ ఆమెకీ మధ్య జానెడు, బండివైపు చూడను కూడా చూడలేదు, టక్ టక్ మని నడుచుకుంటూ మళ్ళీ ఎటో మాయమైపోయింది, ఆగి ఉన్న బళ్ళ మధ్యనుంచి దిగి ఉంటుంది, ఎంతసేపటినుంచి ఉందో అక్కడ, ఉంది, ఉండే ఉంటుంది, మనిషి గాల్లోంచి ఊడిపడదు కదా.

అమ్మ బాబోయ్ అంది మేడమ్, మొదటిసారి ఆవిడ గొంతులో మనిషి వినిపించింది, నేను తల వంచి రాసుకుంటున్నానమ్మా, అసలు చూడనేలేదు, నా కాలు పెడలు మీద కూడా లేదు, మీరే ఆపారు, తను లోపల లెక్క వేసుకుంటున్నాడు, వద్దన్నా ఆగదు లెక్క, ఆ ముందు సీట్లో తనే ఉండి ఉంటే, ఉండి ఉంటే ఏం చేసేవాడు, తొక్కేవాడు కాదు, ఖాళీ రోడ్డు కదా, తొక్కకపోగా పోనీ పోనీ అనేవాడు, ఆవిడ కాలు బ్రేకు మీదకి వెళ్తే ఎందుకే అని కసిరేవాడు, కసిరితే ఆవిడ కాలు తీసేది, తన మాటంటే వేదం కదా, తీసేది, ఆ కర్ర, ఆ సంచి, ఆ వంగిన వీపు, దేవుడా, ఇంతకుముందు ఎన్ని వీధుల్లో ఎంతమంది అలా జానెడు దూరంలో దాటిపోయారో తనకి తెలియకుండా, ముప్పై ఏళ్ళుగా ఒక్క ప్రమాదం లేదని ఇంటిముందు బోర్డు, కొమ్ములొచ్చినట్టు రాయించుకున్న బోర్డు, ఎనిమిది నెలలుగా ఆ బోర్డుని నిలబెట్టింది తన కాలా, పక్కన పోయేవాళ్ళ అదృష్టమా.

ఏమండీ, మోకాలు తియ్యండి, వీపు నొప్పెడుతోంది, అంటోంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా, బయల్దేరిన దగ్గర్నుంచీ నా సీటుని తొక్కుతూనే ఉన్నారు, రెండు నెలలు నా కాలి కింద పెడలు తొక్కారు, అదిచాలక వీపు కూడానా, తెలుసన్నమాట, తెలియకేం, కాలి కింద పెడలు దానంతటది దిగుతుంటే ఎవరికి తెలీదు, ఊరుకుందన్నమాట, మొగుడికి తన డ్రైవింగంటే భయం కాబోలు, తన మీద నమ్మకం లేదు కాబోలు అనుకుని అన్ని తిట్లూ తిని ఊరుకుంది, నమ్మకం లేనిది నీ మీద కాదే, మోకాలు వెనక్కి తీసుకున్నాడు, మేడమ్ కాగితం తిప్పి ఏదో రాస్తూ అంటోంది, ఇంజను ఆగినందుకు గీత పెట్టాలి, కానీ మనిషి అడ్డొస్తే ఆపడం తప్పు కాదు, పైవాళ్ళకి రిపోర్టు రాయాలి, నేను చూడలేదు కాబట్టి చూసినవాళ్ళ మాట కావాలి, మాస్టారూ, ఇప్పుడు మాట్లాడొచ్చు, ఆ ముసలామె బళ్ళ మధ్యనుంచి దిగడం మీరు చూశారుగా, చూసే ఉంటారు, ముప్పై ఏళ్ళ కన్ను మీది.

చూశాను అంటే సరి, మూడక్షరాలు, ఆవిడకి గీత పడదు, ఈ సాయంత్రానికి లైసెన్సు చేతిలో ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలీదు, రేపు పొద్దున ఆరింటికి నేర్చుకోవడానికి కొత్తగా చేరిన నర్సమ్మ వస్తుంది, గేటు దగ్గర నిలబడి నాకు భయం మాస్టారూ అంటుంది, నేనున్నాగా అంటాడు తను, అని ఆ సీట్లో కూర్చుంటాడు, ఖాళీ రోడ్డు చూస్తాడు, పోనీ అమ్మా పోనీ అంటాడు, నేనున్నాగా, అద్దంలో పెళ్ళాం కళ్ళు తన మీదే ఉన్నాయి, అవి మాత్రం తనకి కనపడుతున్నాయి, చూపు మధ్యలో ఉన్నాయి కాబట్టి, ఆ చుట్టూ పొగ, పోయిన చూపు తను రమ్మంటే రాదు, ముసలామె ఆగమంటే ఆగేది కాదు, ఆవిడకి గీత పడుతుందో పడదో మేడమ్ ఇష్టం, రేపు బడి ఉంటుందో ఉండదో అదీ తన ఇష్టం కాదు, ఎటు చూసినా తొక్కడానికి ఒక్క పెడలు లేదు తన దగ్గర, ఉన్నదల్లా మేడమ్ అడిగినదానికి ఇవ్వాల్సిన జవాబు, అది మాత్రం ఇంకెవరూ తన బదులు ఇవ్వలేరు, లేదమ్మా అన్నాడు, నేను చూళ్ళేదు, మా ఆవిడే చూసింది, నాకు పక్కలనుంచి వచ్చేవేవీ కనపడటం లేదు, ఎనిమిది నెలలైంది, ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.