‘మూడో మంచం’ అయ్యాక ఒక మైకు విన్నది

తీగ అక్కర్లేని మైకును నేను. నన్ను బిగించిన కార్ఖానా గురించి నాకు గుర్తున్నది ఒక్కటే. ఎవరో నా నోటి దగ్గర చిటికె వేసి, వినబడిందని రూఢి చేసుకుని, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. ఆ పెట్టె విప్పింది కరీంనగర్‌లో సౌండ్ సర్వీస్ నడిపే ఓదెలు. అతని వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళాను, సంతాప సభలకు వెళ్ళాను, ఓట్ల కాలంలో నాయకుల నోటి తుంపర్లకు తడిసి ముద్దయ్యాను. నన్ను పట్టుకోగానే మనుషులు ముందు అడిగేది “వినబడుతుందా?” అనే. ఎదుటివాళ్ళ మాట తమకు వినబడుతుందా అని అడిగినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు.

నెలకో ఆదివారం ఫిల్మ్ సొసైటీ వాళ్ళు నన్ను అద్దెకు తీసుకునేవారు. సినిమా అయ్యాక ప్రేక్షకులు నన్ను చేతులు మార్చుకుంటూ అభిప్రాయాలు చెప్పాలి. కార్యదర్శి నర్సింహాచారి, రిటైరైన లెక్చరర్, అందరూ క్లుప్తంగా మాట్లాడాలని చాలాసేపు చెప్పేవాడు.

ఆ మధ్యాహ్నం వేసిన సినిమా ‘మూడో మంచం’. స్నేహలత అనే యువతి చందాలు పోగుచేసి తీసింది. హాస్టల్ గదిలో ముగ్గురు ఆడపిల్లలు. పాటల్లేవు, నవ్వులు తక్కువ. చివరకు వాళ్ళలో ఒకమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. ఎందుకో సినిమా విప్పి చెప్పదు. తెర మీద ఖాళీ మంచం మిగిలి, హాలులో దీపాలు వెలిగాక కూడా ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు.

ఆ తర్వాత నేను చేతుల్లో పడ్డాను. చల్లని ఉంగరాల చెయ్యి ఒకటి, ఇంత చీకటి దేనికి, చివర కాస్త ఆశ చూపిస్తే ఏం పోయిందని అడిగింది. సినిమాలు తీయాలనుకునే కుర్రాడొకడు కెమెరా పనితనాన్ని పొగిడి, ఎన్ని రోజుల్లో తీశారని అడిగాడు. ఒక టీచరమ్మ తన బడిలో పిల్లలు ఇలా ఉండరంది. మరొకాయన పిల్లలకు ఫోన్లు ఇవ్వడమే తప్పన్నాడు. ఆ సినిమాలో ఏ పిల్ల దగ్గరా ఫోను లేదు. అందరూ తిరిగి తిరిగి వచ్చి ఆగింది మాత్రం ఒకే ప్రశ్న దగ్గర: ఆ పిల్ల ఎవరికైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా?

అప్పుడు వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పేరు అఖిల, హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. రెండు రోజుల సెలవుకు వచ్చింది, ఆ సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళాలి. ఆఫీసులో ఎవరో ఇచ్చిన పాసులు వృథా కాకూడదని తల్లి స్వరూప ఆమెను వెంటబెట్టుకొచ్చింది. నన్ను రెండు చేతులా నోటికి మరీ దగ్గరగా పట్టుకుంది. ముందు ఆమె ఊపిరే హాలంతా వినిపించింది.

“ఆమె చెప్పలేదని అందరు అంటున్నరు. చెప్పింది గద,” అంది అఖిల. “తలుపుకు గడియ పెట్టియ్యమని వార్డెన్‌ను అడిగింది. ఇంటికొస్తనని హాస్టల్ ఫోన్ల అమ్మకు చెప్పింది. చెవుల కమ్మలు తీసి దోస్తుకిచ్చింది. ఇంక ఎట్ల చెప్పాలె?”

ఉంగరాలాయన పక్కనున్న భార్యను, కమ్మలు ఎప్పుడిచ్చిందని గొణుగుతూ అడిగాడు. అఖిల కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుంది, నన్ను ఆపే మీట నొక్కడం మరిచిపోయింది. స్వరూప ఆమె చెవి దగ్గరికి వంగింది.

“నువ్వు గూడ మొన్న ఇంటికొస్తనన్నవు బిడ్డా. నేనే వద్దంటి. నీకేమన్న...”

“నాకేం లేదమ్మా. మా రూంల రవళికి.” అఖిల తల్లివైపు తిరిగింది. “అన్నం తింటలేదు. ఉండబుద్ధి అయితలేదంటది. మేడంకు చెప్తే ఊకో, అందరికి చెప్పకు అన్నది. నేనచ్చే ముందు తన వాచీ నాకిచ్చింది. నీ దగ్గర్నే ఉంచుకో అన్నది. నాకు సమజ్ కాలే అమ్మా. ఇప్పుడైంది.”

మొదటి ముక్క తప్ప ఈ మాటలు హాలులో వినబడలేదు. అది స్పీకర్ పెట్టెల్లోంచి రాగానే ఓదెలు మిక్సర్ మీద నా గొంతు మొత్తం దించేశాడు. నర్సింహాచారి మైకు చెడిపోయిందేమోనని చేత్తో సైగ చేస్తే, ఓదెలు తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. నా బతుకులో నేను విని బయటికి పంపనివి ఆ నాలుగు మాటలే.

స్వరూప నన్ను పక్క కుర్చీలో పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిచింది. ఆ తర్వాతి సంగతి ఆమె పై నెల ఓదెలుకు చెబుతుంటే విన్నాను. వరండాలోంచే గోదావరిఖనిలో ఉన్న రవళి తండ్రి రాజేశానికి ఫోన్ చేసిందట. గని పనికి బయల్దేరుతున్న ఆయన ముందు నమ్మలేదు, పరీక్షల భయమేమో అన్నాడు. వాచీ మాట చెప్పాక ఇప్పుడే పోతున్నానన్నాడు. ఆయన చేరేదాకా రవళిని వదలొద్దని పక్క గది పిల్లలకు అఖిల ఫోన్‌లో చెప్పింది. హాస్టల్ మేడం గేటు దగ్గర అడ్డుపడితే, తన బిడ్డ కనబడేదాకా కదలనని రాజేశం అక్కడే కూర్చున్నాడు. మరునాడే పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అఖిల కూడా ఆ హాస్టలుకు మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు నా బ్యాటరీ గది తుప్పు పట్టింది. ఓదెలు కొత్త మైకులు కొన్నాడు, నన్ను దుకాణంలో గాజు బీరువాలో ఉంచాడు. ఊరికే పడి ఉన్నప్పుడు నన్ను పట్టిన చేతులన్నీ తలుచుకుంటాను. ఎక్కువ తలుచుకునేది నేను సెలవు తీసుకునే ముందు నన్ను పట్టిన ఒక చెయ్యిని. ఆ రోజు సొసైటీలో నదుల మీద తీసిన చాలా పొడుగైన సినిమా వేశారు. అఖిల పక్కన కళ్ళద్దాల పిల్ల, ఆ పక్కన రాజేశం కునికిపాట్లు పడుతూ. నర్సింహాచారి కొత్త ముఖం చూసి ముచ్చటపడి, అభిప్రాయం చెప్పమని నన్ను ఆ పిల్లకు అందించాడు.

“నా పేరు రవళి,” అంది ఆమె నెమ్మదిగా. “సినిమా నాకు నచ్చలేదు సార్. మస్తు లంబాగున్నది. నాకు ఆకలైతున్నది.”

హాలంతా నవ్వింది. ఓదెలు నా గొంతు ఇంకొంచెం పెంచాడు.